బాలుని ఆట: ప్రమాదమా, పురుషార్థమా?

ప్రమాదం అనే మాటకు లోకంలో ఆపద అని అర్థం. జైన శాస్త్రంలో దానికి అర్థం వేరు. అక్కడ ప్రమాదమంటే ఏమరుపాటు. మిథ్యాత్వం, అవిరతి, ప్రమాదం, కషాయం, యోగం అని కర్మబంధానికి చెప్పిన అయిదు కారణాలలో అది మూడవది. ఉత్తరాధ్యయన సూత్రంలోని పదవ అధ్యయనమంతా ఈ ఒక్క విషయం మీదనే నడుస్తుంది. చెట్టునుండి రాలిపోయే పండుటాకును, దర్భకొసన నిలిచిన మంచుబొట్టును చూపి, ఒక్క క్షణమైనా ఏమరి ఉండవద్దని భగవాన్ మహావీరుడు గౌతమస్వామిని మాటిమాటికి హెచ్చరిస్తాడు.

ఈ బోధ వింటూ పెరిగిన కుటుంబాలలో ఒక ప్రశ్న సహజంగా పుడుతుంది. క్షణం కూడ వ్యర్థం కారాదన్నప్పుడు, నాలుగేళ్ల పిల్లవాడు మధ్యాహ్నమంతా దుకాణం వెనుక ఖాళీ అట్టపెట్టెలు పేర్చుకొని రైలు నడుపుతూ కూర్చుంటే పెద్దలు ఏమనుకోవలెను? వర్తకుని ఇంట ఈ ప్రశ్న ఇంకొంత గట్టిగానే వినిపిస్తుంది. చిట్టాలో రాయని పైసా ఆవర్జాలోకి ఎక్కదు. ఆటలో గడచిన పూటను ఏ పద్దు కింద రాయవలెను? జమలోనా, ఖర్చులోనా? కనుకనే మూడేళ్లు నిండగానే బడి, సాయంకాలం ట్యూషను, ఆదివారం సూత్రాలు కంఠస్థం చేయించే పాఠశాల. పిల్లవానికి పూట మిగిలిందంటే అది పెద్దలు మరచిపోయి వదిలినదే.

పెద్దల ఆదుర్దా తప్పని తోసివేయుటకు వీలులేదు. అయితే శాస్త్రం నిజంగా ఏమంటున్నదో చూడవలెను. మద్యం, విషయాలు, కషాయాలు, నిద్ర, వికథ అని ప్రమాదానికి ప్రసిద్ధమైన పట్టిక ఒకటి కలదు. పెద్దలు కాలక్షేపానికి కూర్చుని చెప్పుకొనే ఊరి కబుర్లు అందులో ఉన్నవి. భోజనానంతరపు కునుకు ఉన్నది. బాలుని ఆట లేదు. జూదం సప్తవ్యసనాలలో మొదటిదిగా వేరే చోట చెప్పబడినది గాని, పందెం ఒడ్డి ఆడే ఆటకు, పెట్టెలతో రైలు కట్టే ఆటకు సంబంధమే లేదు.

పట్టికలో లేదన్నంత మాత్రాన సరిపోదు. ఈ విషయం మీద శ్వేతాంబర ఆగమాలలో ఒక కథ ఉన్నది. ప్రశ్నకు అసలు జవాబు అక్కడ దొరుకుతుంది.

పోలాసపురపు రాజు విజయునికి, రాణి శ్రీదేవికి అతిముక్తుడు అనే కొడుకు. అతడు ఒకనాడు ఇంద్రస్థానం దగ్గర ఈడుపిల్లలతో ఆడుకుంటూ ఉండగా గౌతమస్వామి గోచరికి ఆ దారిన వచ్చినాడు. పిల్లవాడు ఆట విడిచి, మీరెవరు, ఎందుకు తిరుగుతున్నారు అని అడిగి, ఆయన వేలు పట్టుకొని తన ఇంటికి తీసుకుపోయినాడు. ఆ వేలు విడువకుండనే మహావీరుని దర్శనానికి వెళ్లినంత పని అయినది. దీక్ష తీసుకుంటానన్నాడు. నీకేం తెలుసునని తల్లిదండ్రులు అడిగితే, నాకు తెలిసినది నాకు తెలియదు, తెలియనిది తెలుసు అని పొడుపుకథ వేసినాడు. పుట్టినవాడు చావక తప్పదని తెలుసు, ఎప్పుడో తెలియదు. ఏ కర్మచేత జీవుడు ఏ గతికి పోవునో తెలియదు, తన కర్మచేతనే పోవునని తెలుసు. అంతగడసూత్రం చెప్పే కథ ఇది. మాటలను బొంగరంలా తిప్పగల పిల్లవాడే ఆ మాట అనగలడు. ఆటస్థలం నుండి వచ్చిన బుద్ధే అది.

మిగిలిన భాగం భగవతీసూత్రంలో ఉన్నది. దీక్ష పుచ్చుకున్న బాలముని ఒకనాడు పెద్దవాన వెలిసిన తరువాత, రజోహరణం చంకన పెట్టుకొని, పాత్ర చేత బట్టుకొని బయటికి వెళ్లినాడు. నీరు కాలువకట్టి పారుతున్నది. మట్టితో గట్టు వేసినాడు. పాత్రను నీటిలో వదలి, నా పడవ, నా పడవ అంటూ నావికుని వలె నడుపుతూ ఆడుకున్నాడు.

వెంట ఉన్న స్థవిరులు ఇది చూచినారు. వారి బాధను చులకన చేయరాదు. సచిత్తమైన నీటిలో అప్కాయ జీవులు ఉన్నవని నమ్మిన మునులు వారు. వాననీటిని తాకటమే దోషం. ఇక పాత్రను తేలవేసి ఆడుట! వారు నేరుగా బాలుని మందలించలేదు. మహావీరుని దగ్గరకు వెళ్లి, తమ శిష్యుడైన ఈ బాలముని ఎన్ని జన్మలకు సిద్ధిపొందును అని అడిగినారు. ప్రశ్నలోనే ఎత్తిపొడుపు ఉన్నది.

ఈ జన్మలోనే, అని భగవానుని జవాబు. ఆ తరువాత చెప్పినదే గృహస్థులు మరచిపోరాని భాగం. అతనిని నిందించవద్దు, చిన్నబుచ్చవద్దు, అవమానించవద్దు. విసుగులేకుండ చేరదీసి, తోడ్పడి, అన్నపానాలతో సేవించుడని స్థవిరులను ఆదేశించినాడు. వారు నమస్కరించి అట్లే చేసినారు.

క్షణం ఏమరవద్దని గౌతమునితో పదేపదే చెప్పిన భగవానుడే, ఆ గౌతముని వేలు పట్టుకొని వచ్చిన పిల్లవాని విషయంలో ఇట్లు పలికినాడు. ఈ రెండు మాటలకు వైరుధ్యం ఉన్నదా? లేదు. ఏమరుపాటు అంటే చేస్తున్న పనిలో మనసు లేకపోవుట. బాలుడు పడవ నడిపిన ఆ కాసేపు అతని మనసు వేరే ఎక్కడా లేదు. గౌతమునికి ఇచ్చిన హెచ్చరిక అంతా దేనికోసమో, ఆ ఏకాగ్రత పిల్లవానికి ఆటలో అయాచితంగా దొరుకుతున్నది. నీటిని తాకిన దోషం దోషమే. దానిని భగవానుడు కాదనలేదు. తరువాతి కాలపు కథలలో బాలముని ప్రతిక్రమణ చేస్తూ, నీటి జీవులను స్మరించే మాటల దగ్గర పశ్చాత్తాపంతో కేవలజ్ఞానం పొందినట్లు చెబుతారు. కాని ఆ పశ్చాత్తాపం పిల్లవాని లోపలినుండి రావలసినది. స్థవిరులకు అప్పగించిన పని వేరు: విసుగుకొనకుండ ఉండుట. పిల్లలున్న ఏ ఇంటిలోనైనా ఇది ఎంత కష్టమైన వ్రతమో తల్లులకు తెలుసు.

గంజాం మండలంలో స్థిరపడిన జైన కుటుంబాలు చాలవరకు మార్వాడ నుండి, గుజరాతు నుండి వ్యాపారార్థం వచ్చినవి. అయినా ఈ కళింగభూమి జిన ధర్మానికి కొత్తది కాదు. భువనేశ్వరం దగ్గర ఉదయగిరిపై హాథీగుంఫాలో ఖారవేల చక్రవర్తి చెక్కించిన శాసనం అర్హంతులకు, సర్వసిద్ధులకు నమస్కారంతో మొదలవుతుంది. మగధకు తరలిపోయిన కళింగ జినుని తిరిగి తెచ్చిన వృత్తాంతం అందరూ చెప్పుకొనేదే. అంతకు ముందున్న పంక్తి ఒకటి అంతగా ఎవరి కంటా పడదు. ఈ రాజు మొదటి పదునైదు సంవత్సరాలు బాలక్రీడలలో గడిపినాడట. ఆ తరువాత లేఖ, రూప, గణన, వ్యవహార, విధులలో నిపుణుడై తొమ్మిదేండ్లు యువరాజుగా పాలించినాడట. రూపమంటే నాణేల పరిజ్ఞానం, గణనమంటే లెక్క. వర్తకుని కొడుకు నేర్చుకొనే చదువే! రెండువేల యేండ్ల కిందటి ఒక జైన రాజు, తాను గెలిచిన యుద్ధాలను చెక్కించే రాతిమీద, తాను ఆడుకున్న ఏండ్లకు కూడ చోటిచ్చినాడు. అవి దాచవలసిన ఏండ్లని ఆయనకు తోచలేదు. మూడవ ఏట నగరంలో నాట్యగీతవాద్యాలతో ఉత్సవాలు జరిపించిన సంగతి కూడ అక్కడనే ఉన్నది. ఆయన గాంధర్వవేదం తెలిసినవాడు. ఆట ఆ మనిషిలో పదునైదవ ఏటితో ముగిసిపోలేదన్నమాట.

గంజాంలోనే, ఋషికుల్యా నది ఒడ్డున జౌగడ కొండరాతిమీద అశోకుని శాసనాలు ఉన్నవి. అందులో మొదటిది జంతువధను నిషేధిస్తూ, జనం గుమికూడి వేడుకలు చేసే సమాజాలలో దోషం కలదని చెప్పి, వెంటనే కొన్ని సమాజాలు మంచివేనని కూడ ఒప్పుకుంటుంది. వినోదాన్నంతా ఒక్క గంపలో వేసి పారవేయకుండ, ఏది హింసతో కూడినది, ఏది కాదు అని ఏరుకొనే పని ఆ రాయి అప్పుడే మొదలు పెట్టినది.

ఆ ఏరుకొనే పనిలో జైన సంప్రదాయానికి ఒక ప్రత్యేకత ఉన్నది. అది యశోధరుని కథలో కనబడుతుంది. క్రీ.శ. 959లో సోమదేవసూరి యశస్తిలక చంపువును పూర్తి చేసినాడు. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, అనగా తెలుగునేలకు చేరువగా, వెలసిన గ్రంథమది. యశోధరుని తల్లి అతనిని బలి ఇమ్మని బలవంతం చేస్తుంది. ప్రాణిని చంపలేక అతడు పిండితో చేసిన కోడిని బలి ఇస్తాడు. ఒక్క చీమకైనా హాని జరుగలేదు. అయినా తల్లీకొడుకులిద్దరూ నెమలిగా, కుక్కగా, మరెన్నో జంతువులుగా పుట్టి నానా బాధలు పడతారు. కారణం, కోయునప్పుడు మనసులో ఉన్నది పిండి కాదు, కోడి.

దీపావళి సంతలో అమ్మే చక్కెర చిలుకలను, పంచదార ఏనుగులను పిల్లల చేత కొరికించటానికి కొన్ని ఇండ్లలో పెద్దలు ఒప్పుకోకపోవుట ఈ భావన నుండి వచ్చినదే. ఇతరులకు ఇది చాదస్తంగా తోచవచ్చు. దీనిని తిరగవేసి చూస్తే ఎంత దూరం పోతుందో గమనింపవలెను. ఊహలో చంపిన కోడికి ఫలం ఉన్నప్పుడు, ఊహలో నడిపిన పడవకు ఫలం లేకుండ పోవునా? ఊహలో రోగికి కట్టిన కట్టుకు, బొమ్మకు పెట్టిన అన్నానికి, విరిగిన రెక్కను అతికించిన మట్టిపిట్టకు? కల్పనను ఉత్త గాలికబురుగా కొట్టివేసే హక్కు తక్కినవారికి ఉండవచ్చును గాని, భావమే బంధమని, భావమే మోక్షమని నమ్మేవారికి లేదు. పిల్లవాని ఆటను పనికిమాలినదనుట జైన గృహస్థునికి తన సిద్ధాంతాన్ని తానే కాదనుట అగును.

ఇంత చెప్పిన తరువాత, ఆడే ప్రతి ఆటా మంచిదేనని కాదు. గాజుపొడి పూసిన దారంతో ఎగరేసిన గాలిపటం పక్షి రెక్క తెగకోస్తుంది. మహావీర నిర్వాణదినమైన దీపావళినాడు కాల్చే మందుగుండు ఎన్ని జీవులను బెదరగొడుతుందో పిల్లలకు చెప్పవలసినదే. చంపిన లెక్కతో గెలుపు కట్టే ఫోను ఆటలు యశోధరుని పిండికోడికి మునిమనుమలు. ఫోనుతో ఇంకొక చిక్కు కూడ ఉన్నది. అందులో బొమ్మను ఎవరో గీసి పెట్టినారు, కథను ఎవరో అల్లి పెట్టినారు. పిల్లవాని వంతు వేలితో తాకుట మాత్రమే. అతిముక్తునికి గట్టు వేసుకొనే మట్టి అయినా దొరికినది.

చేతికి మట్టి దొరికే విషయంలో గంజాం పేద మండలం కాదు. ఈ జిల్లాలో ఆవుపేడతో బొమ్మలు చేసి రంగులు పూసే పనివారు ఉన్నారు. బెళగుంఠలో పోతపోసిన ఇత్తడి చేప ప్రసిద్ధి. ముక్కముక్కగా అతికిన దాని ఒళ్లు చేతిలో పట్టుకొంటే నిజమైన చేపవలె మెలికలు తిరుగుతుంది. మాంసాహారం ఎరుగని ఇంట చేపబొమ్మ ఏమిటని కొందరు ముఖం చిట్లించవచ్చు. చేప అంటే తినే వస్తువుగా కాక కదలాడే ప్రాణిగా పిల్లవాని చేతికి తెలియుటకు దానికంటె మంచి సాధనం లేదు. బట్టపొరలను చింతగింజల జిగురుతో అతికి, గుండ్రంగా కత్తిరించి, బొమ్మలు వేసిన గంజపా ఆకులు ఒడిశాలో తరతరాల ఆట. పందెం పెట్టి ఆడితే వ్యసనం. పిల్లలు తమ ఆకులు తామే గీసుకుంటే చిత్రకళ.

ఇక బరంపురంలో రెండేండ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర. ఆ దినాలలో దేవత పుట్టింటికి వస్తుంది. మొక్కు ఉన్నవారు పెద్దలు, పిల్లలు రకరకాల వేషాలు వేసుకొని వీధులలో తిరుగుతారు. ఒంటినిండ చారలు పూసుకొన్న పులివేషాలకు లెక్కలేదు. జైన కుటుంబాలకు ఆ పూజతో సంబంధం లేకపోవచ్చు. కాని ఆ వీధులలోనే దుకాణాలు ఉన్నవి, ఆ దుకాణాల మెట్లమీద పిల్లలు నిలబడి చూస్తూనే ఉన్నారు. పులివేషం వేసిన ఈడుపిల్లవాడు, సాయంత్రం రంగు కడుక్కొని మళ్లీ మామూలు పిల్లవాడగుట వారు చూస్తారు. ఒక జీవుడు ఎన్ని వేషాలు వేసి తిరుగునో చెప్పే సిద్ధాంతానికి ఇంతకంటె తేలికైన పాఠం పుస్తకంలో ఉన్నదా?

తెలుగు పిల్లల ఆటపాటలకు ఇరవయ్యవ శతాబ్దంలో అందరికంటె ఎక్కువ పాటుపడిన మనిషి ఈ బరంపురంలోనే పుట్టినాడన్న సంగతి నేటి తరానికి అంతగా తెలియదు. 1905లో ఇక్కడ జన్మించిన న్యాయపతి రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి, తెలుగుదేశమంతటికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. మొదట మద్రాసు కేంద్రం నుండి, తరువాత హైదరాబాదు నుండి వారు పిల్లల కార్యక్రమాలు నడిపినారు. బాలానంద సంఘం స్థాపించినారు. 1945లో బాల పత్రిక ప్రారంభించినారు. పిల్లలకోసం పెద్దలు చెప్పుట కాక, పిల్లలే పాడవలెను, పిల్లలే ఆడవలెను, పిల్లలే రాయవలెను అన్నది వారి పద్ధతి. తరువాత తెలుగువారందరికీ ఇష్టులైన ముళ్లపూడి వెంకటరమణ కథ, బాపు బొమ్మ మొదటగా అచ్చయినది బాల పుటలలోనే. అప్పటికి ఇద్దరూ బడిపిల్లలు. ఆ పిల్లవాడు గీసిన గీతలను, ఇది ఎందుకు పనికివచ్చునని ఒక పెద్దమనిషి పక్కన పెట్టి ఉంటే ఏమయ్యేది? అన్నయ్య, అక్కయ్య ఆ పని చేయలేదు. స్థవిరులకు మహావీరుడు చెప్పిన విసుగులేని సేవ అంటే ఇదే.

గుజరాతీ కుటుంబాలకు గిజుభాయి బధేకా పేరు చెప్పనక్కరలేదు. వకీలు వృత్తి విడిచి 1920లో భావనగరంలో బాలమందిరం తెరచిన ఆయనను మీసాలున్న తల్లి అని పిలిచేవారు. ఆయనకు దారి చూపిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. మాంటిస్సోరి మాటలో వర్తకుల ఇండ్లకు ప్రత్యేకంగా పనికివచ్చేది ఒకటి ఉన్నది. చిన్నపిల్లలకు ఉత్తుత్తి సామానుకంటె అసలు పని మీదనే మక్కువ అని ఆమె గట్టిగా నమ్మినది. చిన్న చీపురు, చిన్న కూజా, నిజంగా పోసే నీరు. త్రాసులో ఒకవైపు గుండు వేసి, రెండవవైపు పప్పు పోస్తూ ముల్లు నిలిచేవరకు చూచే పిల్లవాడు ఆడుతున్నాడా, పని నేర్చుకుంటున్నాడా? అతనికి ఆ భేదం లేదు. బట్టల కొట్టులో పారవేసే గుడ్డపీలికలు, రంగుల అంచులు, ఖాళీ దారపు కండెలు, పాత క్యాలెండర్ల వెనుకవైపు కాగితం ఏ బొమ్మల దుకాణంలోనూ దొరకని సరుకు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేండ్ల వరకు చదువు ఆటపాటల మీదనే నడవవలెనని చెప్పినది. ప్రభుత్వం ఇప్పుడు చెబుతున్న దానికి కావలసిన సామాను దుకాణం వెనుకగదిలో ఎప్పటినుండో పడి ఉన్నది.

పిల్లవానికి ఇవ్వవలసినది ఎక్కువ ఏమీ కాదు. కొంత చోటు, కొంత సరుకు, ఎవరూ పిలవని ఒక గంట. గీసినది ఏనుగేనా అని అడగకుండుట. తొండం ఇట్లా కాదు అట్లా అని చేయి పట్టుకొని దిద్దకుండుట. పోటీపెట్టి మొదటి బహుమానం, రెండవ బహుమానం పంచుట కూడ సంఘాలవారు కొంత తగ్గించుకొనవచ్చు. బహుమానం వచ్చిన పిల్లవాడు ఆ బొమ్మనే మళ్లీ మళ్లీ గీస్తాడు, రానివాడు గీయటమే మానుతాడు.

పర్యూషణ పర్వంలో పెద్దలు ఉపవాసాలతో, వ్యాఖ్యానాలతో ఉండగా పిల్లలకు మధ్యాహ్నాలు బరువుగా గడుస్తవి. ఆ దినాలకు పూర్వులు ఒక ఆట ఏర్పరచి ఉంచినారు. తెలుగువారు వైకుంఠపాళి అని ఆడే ఆటకు జైన సంప్రదాయంలో జ్ఞానచౌపడ్ అని రూపం ఒకటి కలదు. ఎనుబదినాలుగు గడులు, సద్గుణాల దగ్గర నిచ్చెనలు, దోషాల దగ్గర పాములు, అన్నిటికి పైన సిద్ధశిల. బట్టమీద, కాగితం మీద చిత్రించిన పాతపటాలు ఇప్పటికీ కొన్ని నిలిచి ఉన్నవి. సాధువులు కూడ పర్యూషణలో ఆడేవారట. ఆట పాపమని ఆ పూర్వులు అనుకొని ఉంటే ఇంత శ్రమపడి ఎనుబదినాలుగు గడులు గీసి ఉండరు.

అచ్చయిన పటం కొనియిచ్చుట తేలిక. దానికంటె ఒక పెద్దకాగితం మీద ఉత్త గడులు గీసి పిల్లల ముందు పెట్టుట మేలు. ఏ గడిలో ఏమి రాయవలెనో, ఏ పాము ఎంత పొడవుండవలెనో వారే నిర్ణయించుకొనవలెను. పెద్దలు హింస, అసత్యం, చౌర్యం అని మొదలుపెడతారు. పిల్లలు అట్లా మొదలుపెట్టరు. చెల్లెలి బొమ్మ లాక్కొనుట ఒక పాము. కుక్కపిల్లను రాయితో కొట్టుట అన్నిటికంటె పొడుగుపాము. చీమలవరుస దాటేటప్పుడు కాలు ఎత్తి వేయుట నిచ్చెన. ఏదో ఒక గడిలో, ఆడుకుంటూ ఉండగా అమ్మ పిలిచిందని లేచిరావుట రాసి, దానికి నిచ్చెన వేయవలెనా పాము వేయవలెనా అని అక్కాతమ్ముళ్లు వాదించుకోవచ్చు. ఆ వాదం ఎటు తేలేదీ వారికి వదలి, పెద్దలు పక్కగదిలో సామాయికం పూర్తిచేసుకొనవచ్చును.